మెడికెయిడ్ కొత్త నిబంధనలు: మా అక్కాబావల కవరేజీ పోకుండా ఇప్పటినుంచే ఏం చేసుకోవాలి?

ప్రశ్న: రెండో షిఫ్టు

అందరికీ నమస్కారం. మా అక్క కుటుంబం విషయంలో సలహా కోరుతూ రాస్తున్నాను. వాళ్లు అమెరికాకు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. అక్కకు, బావగారికి, బావగారి తల్లిగారికి పౌరసత్వం ఉంది. మా మేనల్లుడు ఇక్కడే పుట్టాడు, వాడికి పదిహేనేళ్లు. బావగారికి యాభై రెండు. ఒక దుకాణంలోనూ ఒక గిడ్డంగిలోనూ గంటల లెక్కన పనిచేస్తారు, రెండుచోట్లా గంటకు పదిహేను డాలర్లు. ఆ గంటలు ఒక రీతిగా ఉండవు. ఒక నెల నూట ముప్పై దాటితే మరుసటి నెల యాభై ఐదుకు పడిపోతాయి. ఇద్దరు యజమానులలో ఎవరూ ఆరోగ్య బీమా ఇవ్వరు. వాళ్లుంటున్నది మెడికెయిడ్‌ను (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాను) మరింతమంది వయోజనులకు విస్తరించిన రాష్ట్రం కనుక ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. బావగారికి షుగరు ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. ఆయన తల్లిగారికి డెబ్బై ఒకటి. మూడేళ్ల క్రితం పక్షవాతం వచ్చిన దగ్గరనుంచి ఆవిడ స్నానం, మందులు, నడక అన్నీ అక్క చేతుల మీదే సాగుతున్నాయి. అందువల్ల అక్క బయట ఉద్యోగానికి వెళ్లలేకపోతోంది.

కిందటి సంవత్సరం జరిగినది చెప్పకపోతే నా భయం మీకు అర్థం కాదు. వాళ్లు ఇల్లు మారారు. రెన్యూవల్ కాగితం పాత చిరునామాకు వెళ్లింది. కవరేజీ పోయిందన్న సంగతి బావగారికి మందుల షాపు కౌంటరు దగ్గర తెలిసింది. ఇన్సులిన్‌కు పూర్తి ధర కట్టమన్నారు. మళ్లీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకుని, తిరిగి కార్డు పనిచేయడానికి రెండు నెలలకు పైగా పట్టింది. ఆదాయం మారలేదు, అర్హత మారలేదు, మారినదల్లా ఇంటి నంబరు.

ఇప్పుడు నెలకు ఎనభై గంటలు పనిచేసినట్లు చూపాలనీ, ఆరు నెలలకొకసారి రెన్యూవల్ ఉంటుందనీ అంటున్నారు. యాభై ఐదు గంటలు పనిచేసిన నెలలో బావగారి పరిస్థితి ఏమిటి? ఉద్యోగం లేని అక్క మాటేమిటి? పెద్దావిడకూ, పిల్లవాడికీ ఇవి వర్తిస్తాయా? ఇంకొక సంగతి కూడా అడగాలని ఉంది. మన ఒక్క ఇంటి కాగితాలు సర్దుకోవడం తప్ప, ఈ కార్యక్రమం మీద ఆధారపడిన అందరికోసం మామూలు మనిషి చేయగలిగినది ఏమైనా ఉందా?

జవాబు 1: కౌంటరు ఇవతల

రెండో షిఫ్టు గారూ, నేను ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో దరఖాస్తులు నింపడంలో సాయపడే ఉద్యోగం చేస్తున్నాను. మీరు చెప్పిన ఇంటిలో నలుగురున్నారు. చట్టం దృష్టిలో ఆ నలుగురూ ఒకే కోవ కాదు. ఇంటిని మొత్తంగా చూసి భయపడడం కంటే ఒక్కొక్కరిని విడదీసి చూడడం మేలు కనుక అలాగే రాస్తాను.

ముందు పెద్దావిడ సంగతి. 2025 జూలై 4న సంతకమైన చట్టంలోని పని నిబంధన 19 నుంచి 64 సంవత్సరాల మధ్య వయసు ఉండి, విస్తరణ కింద మెడికెయిడ్ పొందుతున్న వారికి మాత్రమే. డెబ్బై ఒక్కేళ్ల మనిషికి అది వర్తించదు. ఆరు నెలల రెన్యూవల్ కూడా విస్తరణ కింద ఉన్నవారికే కనుక ఆవిడకు ఎప్పటిలాగే సంవత్సరానికి ఒకసారి. మీ మేనల్లుడికి కూడా పని నిబంధన లేదు. పైగా 19 ఏళ్ల లోపు పిల్లలకు ఒకసారి అర్హత తేలిందంటే పన్నెండు నెలలపాటు, మధ్యలో ఇంటి ఆదాయం మారినా సరే, కవరేజీ కొనసాగించాలన్నది 2024 జనవరి 1 నుంచి అన్ని రాష్ట్రాలకూ తప్పనిసరి. అందువల్ల రేపు తల్లిదండ్రులలో ఒకరికి కవరేజీ ఆగిందని పిల్లవాడిది కూడా ఆపేస్తే అది పొరపాటేనని గుర్తుంచుకోండి. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2023లో అనేక రాష్ట్రాల కంప్యూటర్లు అర్హతను మనిషి మనిషికీ విడిగా చూడకుండా ఇంటిని ఒక ముద్దగా చూసి కాగితం అడిగాయని కేంద్ర ప్రభుత్వం తేల్చింది. సుమారు 5 లక్షల మందికి, వారిలో ఎక్కువ మంది పిల్లలే, కవరేజీ తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

ఇక బావగారు. అందరూ "ఎనభై గంటలు" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నారు గానీ అదే నిబంధనలో రెండో దారి కూడా ఉంది. నెల ఆదాయం, కేంద్ర కనీస వేతనాన్ని ఎనభైతో హెచ్చిస్తే వచ్చే మొత్తానికి తగ్గకపోతే చాలు, గంటలు లెక్కపెట్టనక్కరలేదు. కనీస వేతనం 7.25 డాలర్లు కనుక ఆ మొత్తం 580 డాలర్లు. బావగారికి గంటకు పదిహేను వస్తుంది కాబట్టి ముప్పై తొమ్మిది గంటలు పనిచేసిన నెలలో కూడా ఆయన ఆ గీత దాటుతారు. యాభై ఐదు గంటల నెలలో 825 డాలర్లు వస్తాయి. అంటే మీ ఇంట్లో అందరినీ నిద్రపోనివ్వకుండా చేస్తున్న ఆ నెల అసలు ప్రమాదకరమైన నెలే కాదు. సీజన్‌ను బట్టి పనిచేసేవారికి గడిచిన ఆరు నెలల సగటు ఆదాయం చూడాలని కూడా చట్టంలో ఉంది. కనుక ఆయన దాచుకోవలసినవి పే స్టబ్‌లు, అంటే జీతంతోపాటు వచ్చే చీటీలు. గంటల పట్టిక ఒక్కటీ దాచుకుని పే స్టబ్‌లు పారేసుకునేవారిని రోజూ చూస్తున్నాను.

ఆదాయం మరీ పెరిగితే ఏమవుతుందన్న రెండో అంచు కూడా తెలిసి ఉండాలి. విస్తరణ పరిమితి పేదరిక రేఖకు 138 శాతం. 2025 లెక్కలో ముగ్గురి కుటుంబానికి ఏడాదికి 36,777 డాలర్లు, పెద్దావిడను పన్ను పత్రంలో ఆధారితురాలిగా చూపుతుంటే నలుగురికి 44,367 డాలర్లు. బావగారు ఆ దరిదాపుల్లో లేరు.

అక్క విషయం నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది. పదమూడేళ్లు, అంతకు లోపు వయసున్న పిల్లలను చూసుకునే తల్లిదండ్రులకు మినహాయింపు ఉంది. మీ మేనల్లుడికి పదిహేను కనుక అది అందదు. అయితే అదే వాక్యంలో వైకల్యం ఉన్న మనిషిని చూసుకుంటున్న కుటుంబ సభ్యులకు కూడా మినహాయింపు ఇచ్చారు. అత్తగారి సేవ చేస్తున్న అక్క సరిగ్గా ఈ కోవలోకి వస్తారు. చిక్కల్లా, ఆవిడ సేవ ఏ కంప్యూటరులోనూ నమోదై ఉండదు. జీతం లేని పనికి పే స్టబ్ ఉండదు కదా! పెద్దావిడను చూసే డాక్టరు చేత, రోజువారీ పనులకు మరొకరి సాయం తప్పనిసరి అనీ, ఆ సాయం ఫలానా కోడలు చేస్తున్నదనీ, తేదీ వేసి, ఒక ఉత్తరం రాయించుకోండి. ఈ ఒక్క ఉత్తరం కోసం ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ అడగమని నా సలహా. నిబంధన మొదలయ్యాక డాక్టర్ల గుమాస్తాల దగ్గర ఇటువంటి ఉత్తరాల కట్టలు పేరుకుపోతాయి.

బావగారి షుగరు కూడా అక్కరకు రావచ్చు. తీవ్రమైన లేదా సంక్లిష్టమైన జబ్బు ఉన్నవారిని "వైద్యపరంగా బలహీనులు"గా గుర్తించి మినహాయించాలని చట్టం చెబుతోంది. అయితే ఆదాయం దారి ఆయనకు తెరిచే ఉంది కనుక దానినే ముందు పెట్టి, జబ్బు కాగితాన్ని వెనుక జేబులో ఉంచుకోవడం తెలివైన పని.

తేదీల మాట. రాష్ట్రాలు పని నిబంధనను 2027 జనవరి 1 నాటికి అమలు చేయాలి. కావాలంటే ముందే మొదలుపెట్టవచ్చు. ఆరు నెలల రెన్యూవల్ 2027 మొదటినుంచి వచ్చే రెన్యూవళ్లకు. మీ రాష్ట్రం ఏ తేదీ ఎంచుకున్నదో కౌంటీ ఆఫీసులో అడగండి. అడిగేటప్పుడే అక్కాబావలు ఏ కేటగిరీ కింద నమోదై ఉన్నారో కూడా అడిగి రాసుకోండి. కొన్ని చోట్ల చాలా తక్కువ ఆదాయం ఉన్న తల్లిదండ్రులు విస్తరణలో కాక పాత "తల్లిదండ్రుల" కేటగిరీలో ఉంటారు. అలా ఉంటే పని నిబంధన గొడవే వాళ్లకు లేదు. ఈ ప్రశ్న అడిగేవారు వందకు ఒక్కరు కూడా కనబడరు.

చిరునామా మాత్రం రెండుచోట్ల మార్చాలి: కౌంటీ ఆఫీసులో ఒకసారి, మెడికెయిడ్ సేవలు నడిపే ప్లాన్ వాళ్ల దగ్గర ఒకసారి. ఒకరికి చెబితే రెండోవారికి తెలుస్తుందని అనుకోవద్దు.

జవాబు 2: లెక్కల మాస్టారు

ఇక్కడ అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి. 2020 మార్చి నుంచి 2023 మార్చి దాకా మూడేళ్లపాటు కరోనా చట్టం వల్ల రాష్ట్రాలు దాదాపు ఎవరినీ జాబితాలోంచి తీయలేదు. ఆదాయం పెరిగినవారు, వేరే రాష్ట్రానికి వెళ్లినవారు కూడా జాబితాలో ఉండిపోయారు. పన్ను కట్టేవారి డబ్బుతో నడిచే కార్యక్రమంలో అర్హతను అప్పుడప్పుడు సరిచూడడం అన్యాయం ఎలా అవుతుంది? ఆరోగ్యంగా ఉండి, చూసుకోవలసినవారెవరూ లేని మనిషిని నెలకు ఎనభై గంటలు, అంటే వారానికి ఇరవై గంటల కంటే తక్కువ, పనో చదువో సేవో చేయమనడం నాకు పెద్ద భారంగా అనిపించదు. పై జవాబులో చెప్పినట్లు ఈ కుటుంబానికి మినహాయింపులు ఉండనే ఉన్నాయి. మరి భయమెందుకు?

జవాబు 3: పాత దస్త్రం

మాస్టారు గారూ, సరిచూడడం తప్పని ఎవరూ అనడం లేదు. సరిచూసే పద్ధతి ఎవరిని పట్టుకుంటున్నదన్నదే ప్రశ్న. మీరు చెప్పిన ఆ మూడేళ్ల తరువాత జరిగిన పెద్ద వడపోతలో 2.5 కోట్ల మందికి పైగా కవరేజీ కోల్పోయారు. వారిలో పదిమందికి దాదాపు ఏడుగురిని తొలగించిన కారణం "కాగితం అందలేదు", "జవాబు రాలేదు" వంటి ప్రక్రియ లోపాలే. వాళ్లకు అర్హత ఉందో లేదో తేల్చి చూసినవారే లేరు. రెండో షిఫ్టు గారి బావగారు అటువంటి మనిషే. జల్లెడ పట్టామంటే సరిపోదు, కింద పడినది తవుడో బియ్యమో చూడాలి కదా.

పని నిబంధనకు కూడా అనుభవం ఉంది. ఆర్కాన్సా రాష్ట్రం 2018 జూన్‌లో దీనిని మొదలుపెట్టింది. ఆ సంవత్సరాంతానికి 18,000 మందికి పైగా కవరేజీ పోయింది. 2019 మార్చిలో ఫెడరల్ న్యాయస్థానం ఆపేసింది. తరువాత జరిపిన పరిశీలనలో, ఎవరిని ఉద్దేశించి ఈ నియమం పెట్టారో వారిలో 95 శాతానికి పైగా అప్పటికే పనిచేస్తున్నారనీ లేదా మినహాయింపు పొందవలసినవారనీ తేలింది. ఉద్యోగాలు పెరిగిన జాడ కనబడలేదు. ఎందుకు అలా అయిందో ఒక్క చిన్న వివరం చెబుతాను. మొదటి నెలల్లో గంటలు నమోదు చేయడానికి వెబ్‌సైట్ తప్ప వేరే దారి లేదు, ఆ వెబ్‌సైట్‌ను రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా మూసి ఉంచేవారు. పగలంతా పనిలో ఉండి రాత్రి ఇంటికి వచ్చినవాడు, తాను పనిచేశానని చెప్పుకోవడానికి కూర్చునే వేళకు తలుపు మూసి ఉండేది. కోటి మంది దాకా 2034 నాటికి బీమా లేనివారి లెక్కలో అదనంగా చేరతారని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం ఈ చట్టం మొత్తం మీద వేసిన అంచనాను, ఈ అనుభవం పక్కన పెట్టి చూడండి.

ఇక రెండో షిఫ్టు గారికి. నేను న్యాయ సహాయ సంస్థలో చాలాకాలం గుమాస్తాగా పనిచేశాను, నాకు తెలిసిన మేరకు చెబుతాను; ఇది వకీలు సలహాకు బదులు కాదు. కవరేజీ ఆపే ముందు రాష్ట్రం మీకు రాతపూర్వకమైన నోటీసు పంపాలి, మామూలుగా ఆపే తేదీకి కనీసం పది రోజుల ముందు. అందులో కారణం ఉండాలి, విచారణ కోరే హక్కు గురించి ఉండాలి. సంక్షేమ సాయాన్ని ఆపే ముందే మనిషి మాట వినాలని సుప్రీం కోర్టు 1970లో ఇచ్చిన తీర్పు దీనికి పునాది. విచారణ కోరడానికి నోటీసు తేదీ నుంచి తొంభై రోజుల దాకా గడువు ఇచ్చే రాష్ట్రాలున్నాయి, అంతకంటే తక్కువ ఇచ్చేవీ ఉన్నాయి. అయితే ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ పెద్ద గడువు చూసి నింపాదిగా కూర్చోకూడదు. కవరేజీ ఆగే తేదీకి ముందే విచారణ కోరితే, తీర్పు వచ్చేదాకా కవరేజీ అలాగే కొనసాగుతుంది. ఆ తేదీ దాటాక కోరితే విచారణ జరుగుతుంది గానీ, ఈలోపు ఇన్సులిన్ మీ జేబులోంచే. కనుక నోటీసు రాగానే కవరేజీ ఆగే తేదీకీ, విచారణ కోరే గడువుకూ ఎర్ర గీత గీయండి, మొదటిదానిని నమ్ముకోండి. ఒక హెచ్చరిక కూడా: విచారణలో ఓడిపోతే, ఆ మధ్యకాలంలో పెట్టిన ఖర్చును తిరిగి అడిగే అధికారం రాష్ట్రానికి ఉంటుంది. న్యాయం మీ వైపు ఉన్నదని తెలిసినప్పుడు దీనికి జంకవలసిన పనిలేదు.

కిందటి ఏడాది మీ బావగారు కొత్తగా దరఖాస్తు పెట్టవలసిన అవసరమే లేకపోయి ఉండవచ్చు. రెన్యూవల్ కాగితం ఇవ్వనందుకు కవరేజీ ఆగితే, ఆగిన నాటినుంచి తొంభై రోజులలోపు అదే కాగితం ఇస్తే కొత్త దరఖాస్తు లేకుండానే తిరిగి పరిశీలించాలన్నది నియమం. ఈ మాట కౌంటరు దగ్గర ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. అప్పట్లో జేబులోంచి కట్టిన బిల్లులకు కూడా దారి ఉండేది. దరఖాస్తుకు ముందు మూడు నెలల ఖర్చును మెడికెయిడ్ భరించే పద్ధతి ఉంది. 2027 జనవరి నుంచి అది విస్తరణ కింద ఉన్నవారికి ఒక్క నెలకు, మిగిలినవారికి రెండు నెలలకు కుదించుకుపోతుంది. అంటే కవరేజీ పోయిన సంగతి ఆలస్యంగా తెలుసుకున్నందుకు చెల్లించే మూల్యం పెరుగుతోంది.

పని నిబంధన నెరవేర్చలేదని రాష్ట్రం అనుకున్నప్పుడు వచ్చే నోటీసు వేరు. దానికి జవాబు ఇవ్వడానికి ముప్పై రోజులు ఉంటాయి, ఆ ముప్పై రోజులూ కవరేజీ నడవాలి. ఈ నోటీసును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పక్కన పడేయకూడదు. కారణం, పని నిబంధన పేరు మీద మెడికెయిడ్ పోయినవారికి మార్కెట్‌ప్లేస్ బీమాలో (ప్రభుత్వ వేదిక మీద సొంతంగా కొనుక్కునే బీమాలో) ప్రీమియం సబ్సిడీ కూడా ఇవ్వరు. ఆదాయం పెరిగి బయటికి వచ్చినవారికి ఆ తలుపు తెరిచి ఉంటుంది. వీరికి రెండు తలుపులూ మూతపడతాయి.

నోటీసులోని ఇంగ్లీషు అర్థం కాకపోతే తెలుగు దుబాసీని అడగండి. డబ్బు తీసుకోకుండా ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఆ కార్యాలయానిది. ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థలకు 1964 పౌర హక్కుల చట్టం పెట్టిన షరతులలో ఇదొకటి. పదిహేనేళ్ల మేనల్లుడి చేత ఫోనులో అనువాదం చేయించవద్దు. పిల్లవాడు తెలివైనవాడే కావచ్చు, "తొలగింపు"కూ "పునఃపరిశీలన"కూ తేడా వాడికి తెలియవలసిన వయసు కాదు.

రెండో షిఫ్టు

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. 580 డాలర్ల సంగతి బావగారికి ఫోనులో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు, తరువాత ఇంకొకసారి చదవమన్నారు. ఇంకొక్క సందేహం. దుకాణం యజమాని కొన్ని నెలలు చెక్కు ఇస్తారు, కొన్ని నెలలు నగదు చేతిలో పెడతారు. పే స్టబ్ లేని నెలలకు ఏం చూపాలి? అడిగితే ఆయనకు కోపం వస్తుందేమోనని బావగారి భయం.

జవాబు 4: కౌంటరు ఇవతల

ఇది చాలా ఇళ్లలో ఉన్న చిక్కే. యజమాని సంతకంతో, ఫలానా తేదీనుంచి ఫలానా తేదీవరకు ఇన్ని గంటలకు ఇంత ఇచ్చానని నాలుగు వాక్యాల ఉత్తరం ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. ఆయన ఇవ్వనంటే, నగదు అందిన రోజునే బ్యాంకులో వేయడం అలవాటు చేసుకోమనండి; ఖాతా పుస్తకం సాక్ష్యం చెబుతుంది. దానితోపాటు ఒక నోటుపుస్తకంలో తేదీ, గంటలు, అందిన సొమ్ము ఏ రోజుకారోజు రాసుకోవాలి. ఆరు నెలల తరువాత ఒకే కలంతో ఒకే విడతలో కూర్చుని రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది, దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. నగదును పన్ను పత్రంలో కూడా చూపాలి. అక్కడొక మాట, ఇక్కడొక మాట చెబితే రాష్ట్రం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలదు.

గిడ్డంగి ఉద్యోగం గురించి మీరు దిగులు పడనక్కరలేదు. వేతనాల వివరాలు యజమానులనుంచి రాష్ట్రానికి ఎలాగూ అందుతాయి. ఆ సమాచారంతో తేల్చగలిగినప్పుడు మనిషిని కాగితం అడగకుండానే పని పూర్తి చేయాలని చట్టమే రాష్ట్రాలకు చెబుతోంది. అయితే ఆ వివరాలు మూడు నెలలకొకసారి వస్తాయి కనుక కొంత పాతబడి ఉంటాయి. అందుకే చేతిలో కాగితం ఉండాలంటున్నాను.

ఇంకొకటి. కాగితం ఏదైనా సరే, కౌంటరు దగ్గర ఇస్తే ముద్ర వేసిన రసీదు తీసుకోండి. పోర్టల్‌లో ఎక్కిస్తే ఆ తెరను ఫొటో తీసుకోండి. ఫోనులో మాట్లాడితే తేదీ, వేళ, అవతలివారి ఉద్యోగ సంఖ్య రాసుకోండి. పది విచారణలకు తోడు వెళ్లాను. "మేము ఇచ్చాం" అన్న మాటతో కంటే ఒక మాసిన రసీదుతో గెలిచినవే ఎక్కువ.

జవాబు 5: ఆరో అంతస్తు

ప్రశ్నలోని చివరి భాగానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను ఒక రాష్ట్ర శాసనసభ బడ్జెట్ కాగితాలు చదివే ఉద్యోగంలో ఉన్నాను కనుక ఆ వైపునుంచి చెబుతాను.

మెడికెయిడ్ 1965లో పుట్టినప్పటినుంచి ఇద్దరి జేబుల్లోంచి నడుస్తోంది, కేంద్రానిది ఒకటి, రాష్ట్రానిది ఒకటి. విస్తరణ కింద ఉన్నవారి ఖర్చులో కేంద్రం 90 శాతం భరిస్తుంది, అది ఇప్పటికీ మారలేదు. మారుతున్నది రాష్ట్రం తన వాటాను సమకూర్చుకునే తీరు. ఆసుపత్రుల మీద వేసే పన్నుతో చాలా రాష్ట్రాలు ఆ డబ్బు తెస్తున్నాయి. ఆ పన్నుకు ఇప్పుడున్న 6 శాతం పరిమితిని, విస్తరించిన రాష్ట్రాలలో, 2028 ఆర్థిక సంవత్సరం నుంచి ఏటా కొంత తగ్గిస్తూ 2032కల్లా 3.5 శాతానికి తీసుకువస్తారు. అప్పుడు రాష్ట్రాల చేతిలో డబ్బు తగ్గుతుంది. తగ్గినప్పుడు ఏది కోస్తారు? చట్టప్రకారం తప్పనిసరి అయిన వాటిని, అంటే ఆసుపత్రి, డాక్టరు, నర్సింగ్ హోము వంటివాటిని ముట్టుకోలేరు. పెద్దల పళ్ల వైద్యం, ఇంటి దగ్గర అందే సంరక్షణలో చాలా భాగం రాష్ట్రం ఇష్టం మీద ఆధారపడినవి కనుక కత్తెర ముందు అక్కడ పడుతుంది. రెండో షిఫ్టు గారి ఇంట్లో పెద్దావిడను పని నిబంధన తాకదని అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, ఆవిడకు ఇంటి దగ్గర సహాయకురాలి సేవ ఎప్పుడైనా అందుతున్నా, అందబోతున్నా, దానిమీద కన్నేసి ఉంచవలసినది ఈ వైపునుంచి. ఇది వార్తల్లో పెద్దగా రాదు. ఒక బడ్జెట్ పుస్తకంలో, నాలుగు వందల పేజీల తరువాత, ఒక గడిలో అంకె మారుతుంది.

మామూలు మనిషి ఎక్కడ మాట్లాడాలి అంటే, ప్రతి రాష్ట్రంలోనూ మెడికెయిడ్ సలహా సంఘం ఉంటుంది, దానితోపాటు కవరేజీ పొందుతున్నవారు, వారి కుటుంబ సభ్యులు, సంరక్షకులు మాత్రమే సభ్యులుగా ఉండే మరొక మండలి కూడా 2025 జూలై నుంచి ఉండాలని కేంద్ర నిబంధన. అత్తగారిని చూసుకుంటున్న మీ అక్క వంటివారికోసమే ఆ మండలి. రాష్ట్రం తన కార్యక్రమానికి కేంద్ర నిబంధనలనుంచి పెద్ద సడలింపు కోరుతూ కేంద్రానికి రాసే ముందు ముప్పై రోజులు ప్రజాభిప్రాయం తీసుకోవాలి. ఆ ముప్పై రోజులలో వచ్చే ఉత్తరాలను ఎవరు చదువుతారులే అనుకోవద్దు. ఆర్కాన్సా కేసులో న్యాయమూర్తి అడిగినది అదే: కవరేజీ ఎంతమందికి పోతుందని జనం రాసిన మాటలను అధికారులు పట్టించుకున్నారా అని. పట్టించుకోలేదని తేలినందువల్లే ఆర్కాన్సా నియమానికి కేంద్రం ఇచ్చిన ఆమోదం నిలవలేదు.

ఉత్తరంలో సిద్ధాంతాలు రాయనక్కరలేదు. రాష్ట్రం చేతిలో ఉన్న నిర్ణయాలను పట్టుకుని అడగండి. రెన్యూవల్ సమయంలో ఎన్ని నెలల పని రుజువు అడగాలన్నది రాష్ట్రం ఇష్టం. ఒక్క నెల చాలని పెట్టవచ్చు. ఏ జబ్బును తీవ్రమైనదిగా ఎంచాలి, సంరక్షకుల రుజువుగా ఏ కాగితం ఒప్పుకోవాలి, ఫోనులో చెబితే నమోదు చేస్తారా, వెబ్‌సైట్ రాత్రిపూట తెరిచి ఉంటుందా, ఇవన్నీ ఎక్కువగా రాష్ట్ర రాజధానిలో తేలేవి. మా ఆఫీసుకు వచ్చే ఉత్తరాలలో "మెడికెయిడ్‌ను కాపాడండి" అన్నవి కట్టలు కట్టలు ఉంటాయి. ఇటువంటి ఒక్క నియమం పేరు చెప్పి, దానివల్ల తమ ఇంట్లో ఏమైందో రాసినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాటినే శాసనసభ్యులు సంఘం సమావేశంలో చదివి వినిపిస్తారు.

శరణార్థులుగా, ఆశ్రయం పొంది వచ్చినవారు ఈ మాటలు చదువుతుంటే ఒక ముఖ్యమైన సంగతి: 2026 అక్టోబరు 1 నుంచి మెడికెయిడ్ అర్హత పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, మరి రెండు మూడు వర్గాలకు మాత్రమే పరిమితమవుతోంది. మీరు గ్రీన్ కార్డుకు అర్హులై ఉండి ఇంకా దరఖాస్తు పెట్టకపోతే వెంటనే ఒక ఇమ్మిగ్రేషన్ వకీలును కలవండి. ఈ వర్గానికి ఎన్ని పే స్టబ్‌లు దాచుకున్నా ఉపయోగం లేదు, ఇక్కడ తలుపు మూసినది చట్టమే.

లెక్కల మాస్టారు

రాత్రి తొమ్మిదికి మూసేసే వెబ్‌సైట్ సంగతి నాకు తెలియదు. నియమం సరైనదేనన్న నా అభిప్రాయం మారలేదు. కానీ నియమం పాటించినవాడు పాటించానని చెప్పుకునే వీలు లేకపోతే అది లెక్క సరిచూడడం కాదు, దానిని ఒప్పుకుంటాను. ఆరో అంతస్తు గారూ, ఒక్క నెల రుజువు చాలన్న అంశం మీద నేను కూడా మా ప్రతినిధికి రాస్తాను. జల్లెడ కన్ను సరిగా ఉండాలని అడగడానికి నాకు అభ్యంతరం లేదు.

రెండో షిఫ్టు

ఈ వారం జరిగినవి చెబుతాను. చిరునామా రెండుచోట్లా మార్చాం. కౌంటీలో మారి ఉంది గానీ ప్లాన్ వాళ్ల దగ్గర ఇంకా పాతదే ఉంది, కౌంటరు ఇవతల గారు అన్నట్లే. అక్కాబావలు ఏ కేటగిరీలో ఉన్నారని అడిగితే, ఫోనులో ఉన్నావిడ ఈ ప్రశ్న తనను ఇంతకుముందు ఎవరూ అడగలేదని చెప్పి, చూసి, ఇద్దరూ విస్తరణలోనే ఉన్నారన్నారు. డాక్టరు ఉత్తరానికి వచ్చే గురువారం వేళ ఇచ్చారు. బావగారు నోటుపుస్తకం కొన్నారు, మొదటి పేజీలో నిన్నటి తేదీ, ఆరున్నర గంటలు అని రాసుకున్నారు. దుకాణం యజమానిని ఇంకా అడగలేదు.

ఆ సంరక్షకుల మండలి గురించి చెప్పగానే అక్క నవ్వి, అత్తగారిని ఎవరి దగ్గర వదిలి ఆ సమావేశానికి వెళ్లాలి అని అడిగింది. ఇంటినుంచి వీడియోలో హాజరు కావచ్చునేమో కనుక్కుంటున్నాను. ఎవరికైనా తెలిస్తే రాయగలరు.